సమాచారం ఇచ్చిన ప్రతివాళ్లూ సాక్షి కారు

తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "హత్య కేసులో ఆచూకీ చెబితే బహుమానం అంటారు, నమ్మకండి. పేరు బయటపెడతారు, కోర్టుల చుట్టూ తిప్పుతారు, డబ్బుకు ఆశపడి జనం అబద్ధాలు చెబుతారు, చివరికి పైసా ఇవ్వరు" అని. చదివి ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు కోర్టు సంగతి. అసలు గందరగోళమంతా ఇక్కడే ఉంది. బస్టాండు దగ్గర లాడ్జిలో పనిచేసే కుర్రాడు, "అర్ధరాత్రి వచ్చినాయన బాత్రూములో చొక్కా ఉతుక్కుని, తెల్లారకముందే ఆ తడి చొక్కాతోనే వెళ్లిపోయాడు" అని చెప్పాడనుకోండి. పోలీసులు ఆ మాట పట్టుకుని లాడ్జి రిజిస్టరు, సీసీ కెమెరా, ఫోన్ రికార్డులు వెతుకుతారు. అవి దొరికితే కోర్టులో నిలబడేవి అవే. హత్య కళ్లారా చూసినవాళ్లను సాక్షిగా పిలుస్తారు, నిజమే. వాళ్ల కోసం 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది.

మన ఊళ్లో ఇలా సమాచారం చెప్పడం మరీ ముఖ్యం. యాత్రికుల వసతి గృహాలైన శ్రీనివాసం, విష్ణునివాసం దగ్గర రాత్రి కనిపించిన ముఖం పొద్దునకి ఉండదు. దర్శనం అయ్యాక ఎవరి ఊరికి వాళ్లు రైలెక్కేస్తారు. మిగిలేది ఆటోవాళ్లు, టీ బంకులవాళ్లు, లాడ్జి కుర్రాళ్లు. వాళ్ల నోరు నొక్కే మెసేజ్ వల్ల బాగుపడేది హంతకుడే.

పేరు బయటపెట్టడం గురించి చట్టం స్పష్టంగా ఉంది. నేరం జరిగిందన్న సమాచారం ఎవరిచ్చారో చెప్పమని పోలీసు అధికారిని బలవంతపెట్టకూడదని భారతీయ సాక్ష్య అధినియం 131వ సెక్షన్ అంటుంది. 2024 మార్చిలో బెంగళూరు రామేశ్వరం కెఫే పేలుడు కేసులో జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ 10 లక్షలు ప్రకటించినప్పుడు కూడా పేరు గోప్యంగా ఉంచుతామనే చెప్పింది.

ఇక అబద్ధాలు. ఎవరో ఫోన్ చేశారని ఎవరికీ శిక్ష పడదు, దాన్ని సరిచూడాలి. కావాలని తప్పుడు సమాచారం ఇచ్చి ఒకరిని ఇరికించబోతే భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 217వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. అందరూ డబ్బు కోసమే చెబుతారనడం కూడా అన్యాయం. అమెరికాలో బాంబులు పంపి ముగ్గురిని చంపిన యునాబాంబర్‌ను 1996లో పట్టించింది సొంత తమ్ముడు డేవిడ్ కజిన్‌స్కీ. పత్రికలో అచ్చయిన హంతకుడి ప్రకటన చదివి, రాత తీరు అన్నదేనని గుర్తుపట్టాడు. తనకొచ్చిన 10 లక్షల డాలర్లలో ఖర్చులూ పన్నులూ పోగా మిగిలింది బాధితుల కుటుంబాలకే ఇచ్చాడు. అయితే గోప్యంగా ఉంచుతామని మాటిచ్చినా ఆయన పేరు మీడియాకు లీకైంది. అందుకని ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను.

డబ్బు రాదేమోనన్న అనుమానమూ అంతే. శిక్ష పడ్డాకే ఇస్తామని షరతు పెడితే ఏళ్లు గడిచిపోతాయి. ఈ రెండింటికీ దారి 1976లోనే అమెరికాలోని అల్బుకర్కీ నగరంలో దొరికింది. అక్కడ మొదలైన క్రైమ్ స్టాపర్స్ అనే పథకంలో సమాచారం చెప్పేవాళ్ల పేరే అడగరు, గుర్తుగా ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు చెప్పి డబ్బు తీసుకోవచ్చు. నిధి కూడా పౌరుల విరాళాలతోనే నడుస్తుంది. తిరుపతిలో హోటళ్లవాళ్లు, వ్యాపారులు పోలీసులతో కూర్చుని మాట్లాడితే ఇలాంటిది పెట్టుకోవచ్చు. గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆ నంబరు పద్ధతి మనకూ కావాలని అడగండి.