ముందు సీటు ప్రిపోజిషన్లు

ఆంగ్ల ప్రిపోజిషన్లు ఆడపిల్లలకు అబ్బినంత సులువుగా మగపిల్లలకు అబ్బవని, అందుచేత మగపిల్లలకు ఒక నెల అదనపు శిక్షణ, దానికి తగిన అదనపు ఫీజు తప్పవని ఒక స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రం నిర్వాహకులు ఇటీవల నాకు ఎంతో గంభీరంగా వివరించారు. ఇందుకు శాస్త్రీయ కారణం వెతుకుతూ విశాఖపట్నం ద్వారకా బస్ స్టేషన్‌కు వెళ్లిన నాకు అది సిటీ బస్సులోనే దొరికింది. తెలుగు విభక్తి నామవాచకానికి వెనుక నిలబడుతుంది, ఆంగ్ల ప్రిపోజిషన్ ముందు కూర్చుంటుంది. బస్సులో ముందు సీట్లు స్త్రీలవి కనుక ముందు కూర్చునే మాటలు వారికి వశం కావడంలోనూ, వెనుక ఫుట్‌బోర్డు మీద వేలాడే మగవారికి విభక్తులే మిగలడంలోనూ వింత లేదు.

ఇంతలో మద్దిలపాలెంలో ఎక్కిన అక్కాతమ్ముళ్లు నా సిద్ధాంతాన్ని చెడగొట్టారు. చెరొక ఫోనులో ఇద్దరూ ‘ఐ యామ్ ఇన్ ది బస్’ అనే అన్నారు. ఆంగ్లేయుడు కారు లోపల, బస్సు మీద ప్రయాణిస్తాడు. జగదాంబ సెంటర్ వద్ద దిగి, రామకృష్ణా బీచ్ మీద నడుస్తాడు. మనకు కారైనా, బస్సైనా, సెంటరైనా, బీచైనా ఒక్క ‘లో’ చాలు. బస్సు మీద అంటే మనకు టాపు మీదనే అర్థం. టికెట్టు కొన్నవారెవరూ అక్కడికి ఎక్కరు.

‘డిస్కస్’ పక్కన అక్కరలేని ‘అబౌట్’ చేర్చి ‘డిస్కస్ అబౌట్’ అన్నారని పిల్లలను తిట్టే పెద్దలే ‘కూర్చి, గురించి’ ద్వితీయా విభక్తి అని బడిలో వారిచేత వల్లె వేయించారు. మనకు పెళ్లి ఒకరితో జరుగుతుంది కాబట్టి ‘మ్యారీడ్ టు’కు బదులు ‘మ్యారీడ్ విత్’ అన్నది వధువు నోటా, వరుడి నోటా సమానంగా వినిపిస్తుంది. కోపం సంగతి మరీ విచిత్రం. మనకు అది మనిషి మీద వస్తుంది కాబట్టి ‘యాంగ్రీ ఆన్ మీ’ అంటాం. ఎదుటివారితో కలిసి కోపగించుకున్నట్టుండే ‘యాంగ్రీ విత్’ ఆంగ్లేయుల దాంపత్య రహస్యం కావచ్చు.

నిజానికి ప్రథమలోని ‘డు’, సంబోధనలోని ‘ఓరి’, ‘ఓసి’ వంటివి తప్పిస్తే మన విభక్తులకు ఆడా మగా పట్టింపు లేదు. పక్షపాతమంతా క్రియదే: అతడు వచ్చాడు, ఆమె వచ్చింది, బస్సూ వచ్చింది.

ఈ ఆక్షేపణలన్నీ ఓపికగా విన్న నిర్వాహకులు నా చేతిలో కొత్త కరపత్రం పెట్టారు. దాని అడుగున పెద్ద అక్షరాలలో ‘కమ్, లెట్ అజ్ డిస్కస్ అబౌట్ ప్రిపోజిషన్స్’ అని ఉంది. రాసినది ఆడో మగో ఎంత పరీక్షించినా నాకు తెలియలేదు.