మహారాజశ్రీ పదిహేడు గంటల గారికి

అయ్యా, అనంతపురం నుంచి నమస్కారాలు.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎంతసేపు పడుతుందని ఫోన్‌లో వెతికితే మొదట దర్శనమిచ్చింది తమరే. దాదాపు 14 వేల కిలోమీటర్లు, 17 గంటలు. తమరి మాట నమ్మి, పూర్ణం రుబ్బి, వేడివేడిగా ఓళిగలు కాల్చి పెట్టినాను. మావాడు గడప తొక్కేసరికి అవి అట్టముక్కల్లా బిగుసుకుపోయినాయి. వాడేమో నిలబడే నిద్రపోతున్నాడు.

తమరి పుట్టుక సంగతి మా చిన్నోడు చెప్పినాడు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య అతి దగ్గర దారి కొలిచి, గంటకు 850 కిలోమీటర్ల లెక్కన భాగించి, విమానం పైకి లేవడానికీ కిందికి దిగడానికీ ఓ అరగంట కలుపుతారంట. మరి ఆ గీత మీదే ఎగిరే విమానం ఏదండీ? 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా విమానాలకు రష్యా దారి మూసేసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తలుపేసింది. ఇంక పైన జోరుగా వీచే జెట్ స్ట్రీమ్ గాలి వెనకనుంచి తోస్తే ఒక లెక్క, ఎదురొస్తే ఇంకో లెక్క.

పోనీ, గాలీ యుద్ధాలూ తమరి చేతిలో లేవు. మావాడు మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టుకు పోయి కూర్చున్నది ఎవరి ఖాతా? టికెట్టు తక్కువకు వచ్చిందని గల్ఫ్‌లో దిగి, ఇంకో విమానం కోసం రాత్రంతా కుర్చీలో నడుం విరగ్గొట్టుకున్నది? ఇమిగ్రేషన్ లైను? ఊరందరి సూట్‌కేసులూ బెల్టు మీద ఊరేగి పోయినాక, ఎర్ర రిబ్బను కట్టిన మా పెట్టె తీరిగ్గా రావడం? ఇదంతా ప్రయాణం కాదా?

అప్పుడైనా అయిపోయిందా? బెంగళూరు విమానాశ్రయం ఉన్న దేవనహళ్లి నుంచి మా ఇంటికి ఇంకో 180 కిలోమీటర్లు. విమానానికి పట్టుమని పావుగంట లేదు. మాకు చిక్కబళ్లాపురం, బాగేపల్లి టోల్‌గేటు, కొడికొండ చెక్‌పోస్టు, పెనుకొండ. డ్రైవరుకు నిద్రొస్తే టీ, టీ తాగితే మళ్లీ ఇంకోటి. పుట్టపర్తిలో విమానాశ్రయం ఉంది కదా అంటారేమో. ఉంది. అటు పోయే మలుపు దాటుకునే పోతాం, కారులో.

ఇంక గారూ గీరూ లేదు. నువ్వు ఉత్త అబద్ధాలకోరువి. మనుషుల్ని ఇంటి నుంచి ఇంటికి లెక్కపెట్టాల, రన్‌వే నుంచి రన్‌వేకి కాదు. రన్‌వే మీద ఎవరు కాపురం ఉంటారు?

వచ్చే నెల వాడు తిరిగి పోతాడు. నేను కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే, "ఏముందిమా, పదిహేడు గంటలు, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చి వాల్తా" అంటాడు. ఆ ఒక్క పూటకు నువ్వు చెప్పేదే నిజమని నేనూ తలూపుతాను. ఆ తర్వాత నా కంట పడొద్దు.

ఇట్లు,
అనంతపురం నుంచి ఒక తల్లి