ఇంద్రకీలాద్రి నుంచి సీతానగరానికి రెక్కల సూటా?

మా కృష్ణలంక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులుగా ఒకటే వీడియో తిరుగుతోంది. వింగ్‌సూట్ అంటే చేతుల కిందా కాళ్ళ మధ్యా గుడ్డ రెక్కలుండే సూటు. వీడియో కింద రాసింది ఇదీ: "వింగ్‌సూట్ ఉంటే పారాచూట్ అక్కర్లేదని రుజువైపోయింది. పారాచూట్‌తో 200 సార్లు దూకాకే సూటు వేసుకోవాలనేది సీనియర్లు పెట్టిన అడ్డుపుల్ల. ఎవరు గొప్పో కొలిచే పద్ధతి లేక వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటున్నారు. మన ఇంద్రకీలాద్రి మీంచి ఎగిరితే బ్యారేజీ దాటి సీతానగరంలో దిగొచ్చు." మా మేనల్లుడు కూడా దానికి దండం పెట్టే బొమ్మ పెట్టాడు. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ వీడియో సంగతి. అందులో వల మీద పడే మనిషికి రెక్కలే లేవు. అతను ల్యూక్ ఐకిన్స్. 2016 జులైలో పారాచూట్, వింగ్‌సూట్ రెండూ లేకుండా 25,000 అడుగుల నుంచి దూకాడు. పారాచూట్ విప్పకుండా వింగ్‌సూట్‌తో దిగింది బ్రిటన్ స్టంట్‌మన్ గ్యారీ కానరీ, 2012 మే 23న. హెలికాప్టర్ నుంచి దూకి 18,600 అట్టపెట్టెల గుట్టలోకి దూసుకుపోయాడు. ఆ ఘనత కోసమే అమెరికాలో జెబ్ కార్లిస్ అంతకుముందు ఏళ్ల తరబడి ప్లాన్లు వేస్తూ వచ్చాడు. పెట్టెల్లో పడటాన్ని దిగడం అనొచ్చా అని ఎవరైనా వాదించుకోవచ్చు. అన్ని పెట్టెలు పేర్చేవాళ్ళు కింద లేనివారికి మాత్రం పారాచూట్ కావాల్సిందే.

రెండోది 200 లెక్క. అది అమెరికా పారాచూట్ సంఘం పెట్టిన నియమం. అంకె కాదు, నైపుణ్యం చూడాలి అనే మాటలో కొంత న్యాయం ఉందనే నాకూ అనిపిస్తుంది. కానీ సూటులో చేతులు రెక్కల్లో బిగిసి ఉంటాయి. విమానం గుమ్మం దాటీ దాటగానే రెక్క విప్పితే తోకకు కొట్టుకోవచ్చు. గాల్లో అదుపు తప్పితే బొంగరంలా తిరిగిపోతారు. పారాచూట్‌ను బయటికి లాగే చిన్న గొడుగు ఒక్కోసారి వీపు వెనక గాలి సుళ్ళలో తచ్చాడుతుంది. అప్పుడు బుర్ర కాదు, అలవాటైన చెయ్యి పనిచేయాలి. సీనియర్లకేమైనా మినహాయింపు ఉందా? ఈ కాలపు సూటుకు రూపమిచ్చిన ఫ్రాన్స్ దేశస్థుడు పాట్రిక్ డి గయార్డన్ 1998లో హవాయిలో చనిపోయాడు. తన పారాచూట్ సంచికి తానే చేసుకున్న మార్పులో పొరపాటు జరిగింది.

కొలత లేదన్నది అబద్ధం. పోటీల్లో ఒంటి మీద జీపీఎస్ ఉంటుంది. నిర్ణయించిన 1,000 మీటర్ల ఎత్తు దిగేలోపు ఎంతసేపు, ఎంత దూరం, ఎంత వేగం అని మూడూ విడివిడిగా లెక్కిస్తారు. కొండ అంచులను రాసుకుంటూ ఎగరడానికే అలాంటి కొలబద్ద లేదు. అక్కడ వీడియోయే సాక్ష్యం, చూసేవాళ్ళ కేకలే మార్కులు.

ఇక మన కొండ. మంచి సూటుతో మీటరు దిగితే రెండున్నర, మూడు మీటర్లు ముందుకు వెళ్తారు. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. మూడు చొప్పున వేసినా 400 మీటర్లకు పైగా ఎత్తు చేతిలో ఉండాలి. పైగా రెక్కల్లో గాలి నిండేదాకా మొదటి కొన్ని సెకన్లు రాయిలాగే పడతారు. దుర్గమ్మ కొండకు అంత ఎత్తు ఎక్కడిదిరా అబ్బాయ్? సీతానగరం సంగతి దేవుడెరుగు, కింద ఫ్లైఓవర్ కూడా దాటరు.