ఒక నోరు, నూరు కొలువులు

అమెరికా ర్యాప్ గాయకుడు ఎమినెమ్ మీద పాతికేళ్లుగా ఒకటే అభియోగం, పిల్లల్ని చెడగొట్టాడని. చెడగొట్టాడో లేదో పెద్దలు తేలుస్తారు. నేను జమాఖర్చులు చూసుకునే మనిషిని, నా కంటికి ఇంకోటి ఆనుతోంది. 2000 మే నెలలో వచ్చిన అతని ఆల్బమ్ 'ది మార్షల్ మాథర్స్ ఎల్‌పీ' ఎంతమందికి పని కల్పించిందో ఇంతవరకూ ఎవరూ లెక్క కట్టలేదు. కార్ల ఫ్యాక్టరీలు మూతపడి బోసిపోయిన డెట్రాయిట్‌లో, హోటల్లో వంటపని చేసుకుని బతికిన కుర్రాడు, పెట్టుబడి కింద ఒక్క నోరు పెట్టి ఇంత పరిశ్రమ నిలబెట్టాడంటే మాటలా? మొదటి వారంలోనే అమెరికాలో 17 లక్షలకు పైగా కాపీలు, ఎనిమిది వారాలు నంబర్ వన్.

మా హాస్టల్‌కీ ఓ పైరసీ సీడీ చేరింది లెండి. ఆరుగురం ఒక కంప్యూటర్ చుట్టూ కూర్చుని తలలూపాం, ఒక్కడికీ ముక్క అర్థం కాలేదు. ఆ రకంగా మా శీలాలు భద్రంగానే ఉన్నాయి.

అమెరికావాళ్లకు ఆ అదృష్టం లేదు, వాళ్లకు ఇంగ్లీషు వచ్చు. అదే ఏడాది సెప్టెంబర్‌లో, ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న డిక్ చెనీ గారి భార్య లిన్ చెనీ సెనేట్ కమిటీ ముందుకొచ్చి ఈ పాటలు ఎంత దారుణమో వివరించారు. అంతవరకూ ఆ పాటల జోలికి పోని ముసలి సెనేటర్లకు కూడా సంగతి తెలిసిపోయింది, ఆల్బమ్ వేసిన కంపెనీకి ప్రచారానికి పైసా ఖర్చు లేదు. అక్టోబర్‌లో కెనడా వంతు. ఒంటారియో అటార్నీ జనరల్ జిమ్ ఫ్లాహర్టీ, ఇతన్ని దేశంలో అడుగు పెట్టనివ్వొద్దన్నారు. డెట్రాయిట్ నుంచి నది దాటితే కెనడానే. మనిషినైతే సరిహద్దులో ఆపొచ్చు, సీడీకి వీసా ఎవరు అడుగుతారు? టొరంటో కచేరీ జరగనే జరిగింది.

శుద్ధి కార్యక్రమం కూడా నడిచింది. బూతులు తీసేసిన 'క్లీన్' వెర్షన్ అని విడిగా అమ్మారు. అసలు ఆల్బమ్‌లో ఒక పాట ఉంది, అందులో భర్త చేతిలో చచ్చే భార్య పేరూ, అప్పట్లో ఎమినెమ్ ఇంట్లో ఉన్న భార్య పేరూ ఒకటే. (అన్నిటికీ నవ్వాను గానీ ఈ ఒక్కదానికి మాత్రం ఇప్పటికీ నవ్వు రాదు.) క్లీన్ వెర్షన్‌లో దాన్ని పీకేసి, దాని స్థానంలో తరగతి గదిలో పిల్లలకు డ్రగ్స్ పాఠం చెప్పే పాట పెట్టారు. శుభ్రం అంటే అదన్నమాట.

ఇక మనవాడి టెన్షన్ సంగతి. ఆల్బమ్ వచ్చి రెండు వారాలు తిరక్కుండానే, వరసగా రెండు రోజుల్లో రెండు గొడవలు, రెండింట్లోనూ చేతిలో తుపాకీ. కోర్టు ప్రొబేషన్‌తో సరిపెట్టింది. దానికి ముందు కంపెనీ, పాత పాటను మించిన హిట్ ఒకటి కావాలని పీకల మీద కూర్చుంది. ఆ చిరాకులో, నావల్ల కాదు, నేనింతే, కూతురితో బయటికెళ్లినా జనం వదలట్లేదు అని ఏడుస్తూ ఓ పాట కట్టాడు, అదీ హిట్టయింది! మనం మేనేజర్‌కి 'నావల్ల కాదు సార్' అని మెయిల్ పెట్టి చూద్దాం, ఏమొస్తుందో.

అన్నిటికన్నా ఆ ఆల్బమ్‌లోని 'స్టాన్' పాట గొప్ప. స్టాన్ అనే అభిమాని తన హీరో ఎమినెమ్‌కి ఉత్తరం మీద ఉత్తరం రాస్తాడు. జవాబు రాదు. చివరికి కడుపుతో ఉన్న ప్రియురాలిని కారు డిక్కీలో పడేసి, వానలో బండి నడుపుతూ, తన ఆఖరి మాటలు క్యాసెట్‌లోకి ఎక్కించుకుంటూ, ఇది నీకెలా పంపాలిరా అని అప్పుడు గుర్తొచ్చి, వంతెన మీంచి పడిపోతాడు. తర్వాత తీరిగ్గా హీరో జవాబు రాయడం మొదలుపెడతాడు, మర్యాదగా, బుద్ధులు చెబుతూ. సగంలో వెలుగుతుంది, టీవీ వార్తల్లో చూసింది ఇతన్నేనని. ఇంతకంటే గట్టిగా అభిమానులను ఎవరూ హెచ్చరించలేరు. అభిమానులేం చేశారు? ఆ పేరే పెట్టుకున్నారు. స్టాన్ అంటే వీరాభిమాని అని ఇంగ్లీషు నిఘంటువుల్లోకీ ఎక్కింది. మన హీరోల ఫ్యాన్సూ ట్విట్టర్లో ఆ మాట వాడుతుంటారు. అది కారుతో సహా నీళ్లలో పడి చచ్చినవాడి పేరు తమ్ముడూ అంటే, "అయితే ఏంటన్నా?" అంటారు.

2001 ఫిబ్రవరిలో గ్రామీ సంగీత అవార్డుల వేడుక. స్వలింగ సంపర్కులను తిట్టిన పాటలకు సన్మానమా అని హాలు బయట నిరసన. లోపల, తానూ స్వలింగ సంపర్కుణ్ణేనని బాహాటంగా చెప్పుకున్న గాయకుడు ఎల్టన్ జాన్ అదే 'స్టాన్' పాటకు పియానో వాయించి, పాడి, కుర్రాణ్ణి కావిలించుకున్నాడు. ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ అతనికిచ్చి, పెద్ద బహుమతి మాత్రం పెద్దమనుషులైన స్టీలీ డ్యాన్ అనే పాతకాలపు బ్యాండ్‌కిచ్చారు. ఆ పెద్దమనుషుల ఆల్బమ్‌లోనూ ఒకడు ఆంటీ ఇంట్లో సోఫా మీద పడుకుని ఆవిడ కూతురి మీద కన్నేస్తాడు. ఆంటీ అంటే మేనత్తో పిన్నో ఇంగ్లీషులో తేలి చావదు, లేకపోతే వరసేనేమో చూసి తాంబూలాలు పుచ్చుకుందురు.

లాయర్ల మాట మర్చిపోయాను, అసలు లాభం వాళ్లది. అంతకుముందు ఆల్బమ్‌లో తన పేరు వాడాడని చిన్నప్పటి స్కూలు సహచరుడు దావా వేస్తే, 2003లో జడ్జి డెబొరా సర్విట్టో దాన్ని కొట్టేస్తూ తీర్పులో తానూ ప్రాసలు కలిపి ర్యాప్ రాశారు. న్యాయవ్యవస్థకూ ఈ గాలి సోకిందన్నమాట. కన్నతల్లి 1999లోనే కోటి డాలర్లకు పరువునష్టం దావా వేసింది. బేరాలన్నీ అయ్యాక 25 వేలకు తెగింది, అందులో లాయర్ వాటా పోను ఆమె చేతికొచ్చింది దాదాపు 1,600. అప్పటి రేట్లలో ఆ డబ్బుకు కొడుకు సీడీలు ఓ వంద వచ్చేవి, ఆమెను తిట్టిన తిట్లతో సహా.