డాక్టరు గారు తెరలో ఉన్నారు

డాక్టర్ల కొరత గురించి మనం ఇన్నేళ్లూ అనవసరంగా బెంగపెట్టుకున్నాం. పల్లెలో డాక్టరు లేడు, లేడు అని గోల చేశామే తప్ప, అసలు ఉండాల్సిన పనేముందని ఒక్కరం అడిగిన పాపాన పోలేదు. దేవుడు మాత్రం ప్రతి ఇంట్లో ఉంటున్నాడా? పటం ఉంటుంది. దండం పెట్టుకుంటాం, రోజులు గడిచిపోతున్నాయి. ఇప్పుడు డాక్టరుకీ పటం వచ్చింది. పైగా ఇది కదులుతుంది, సిగ్నల్ ఉంటే మాట్లాడుతుంది కూడా.

ఇది నిన్న మొన్నటి ముచ్చటేం కాదు. 2000లోనే చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్లు టెలిమెడిసిన్, అంటే దూరాన్నుంచే తెర మీద వైద్యం, మొదలుపెడితే, అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దానికి ప్రారంభోత్సవం చేశారు. ఆ తర్వాత 2019 నవంబరులో కేంద్రం ఈ-సంజీవని అనే సర్కారీ ఆన్‌లైన్ వైద్య సేవ తెచ్చింది. 2020 మార్చి 25న, అంటే లాక్‌డౌన్ మొదలైన రోజునే, ఫోనులో వైద్యం ఎలా చెయ్యాలో మార్గదర్శకాలు వచ్చాయి. దేశమంతా తలుపులు బిగించుకున్న పూట డాక్టరు గారికి కిటికీ తెరుచుకుందన్నమాట. 2023 ఫిబ్రవరికల్లా ఈ-సంజీవని లెక్క 10 కోట్ల సంప్రదింపులు దాటింది. అందులో ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంది. మనం దేంట్లోనైనా ముందుంటే అనుమానించడం నా అలవాటు గానీ, ప్రస్తుతానికి గర్వపడదాం.

ఇక కొరత సంగతి. సామాజిక ఆరోగ్య కేంద్రంలో సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు అని నలుగురు స్పెషలిస్టులు ఉండాలి. కేంద్ర ప్రభుత్వం 2021-22లో చెప్పిన లెక్కే చూసినా, దేశంలోని పల్లె ప్రాంతాల్లో ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం మంది లేరు. కుర్చీలున్నాయి, బోర్డులున్నాయి, బోర్డు మీద పేరు రాయడానికి ఖాళీ కూడా ఉంది. ఆ ఖాళీలో ఒక ట్యాబ్ నిలబెడితే కొరత తీరినట్టేనని మన పెద్దల లెక్క. తెరలో డాక్టరుకీ రోజుకి 24 గంటలేనని, వీడియో ఆన్ చేసినంత మాత్రాన ఒక డాక్టరు ఇద్దరవడని చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. వాళ్లని పట్టించుకోకండి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే మా పెద్దమ్మకి కడుపునొప్పి. విలేజ్ క్లినిక్‌కి తీసుకెళ్లాను. అక్కడ బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి ఒకతె ఉంది. ముందు బీపీ చూసింది, సుగర్ చూసింది, తర్వాత ట్యాబ్‌ని తీసుకెళ్లి కిటికీ ఊచలకి ఆనించింది. ఆ గదిలో సిగ్నల్ అందేది ఆ ఊచల దగ్గరేనట. ఫొటో తీస్తారనుకుని పెద్దమ్మ చెంగు సర్దుకుని, స్టూలు ముందుకి జరుపుకుని కూర్చుంది.

డాక్టరు వచ్చాడు. పాతికేళ్ల కుర్రాడు, మర్యాదస్తుడు.

"ఎక్కడమ్మా నొప్పి?"

"ఇక్కడ నాయనా."

"ఇక్కడంటే?"

"ఇక్కడే!"

తెరలో ఆవిడ నుదుటి బొట్టు తప్ప ఇంకేం లేదు. "సిస్టర్, కుడివైపు పక్కటెముకల కింద నొక్కండి. మెత్తగా ఉందా, గట్టిగా ఉందా?" అన్నాడు. ఆ అమ్మాయి నొక్కింది. పెద్దమ్మ అబ్బా అంది. సరిగ్గా అప్పుడే నెట్ ఆగిపోయి, డాక్టరు నోరు తెరిచి, కళ్లు సగం మూసి అలాగే బిగుసుకుపోయాడు. పెద్దమ్మ కాసేపు చూసి, "పాపం, ఆ అబ్బాయికీ నొప్పొచ్చినట్టుంది" అంది.

నెట్ తిరిగొచ్చాక ఆయన చెప్పిన మాట నూటికి నూరుపాళ్లు సరైనదే. పిత్తాశయంలో రాళ్లేమో చూడాలి, పట్నం వెళ్లి స్కానింగ్ చేయించండి అన్నాడు. పట్నం 42 కిలోమీటర్లు. దూరాన్ని జయించామంటున్న టెక్నాలజీ మాకు మొట్టమొదట చూపించింది బస్టాండు.

ఒక్కచోట మాత్రం వెటకారానికి నోరు రాలేదు. మా వెనకాల బెంచీ మీద ఆరుగురు బీపీ, సుగర్ వాళ్లు కూర్చున్నారు. ఒకప్పుడు నెల నెలా అవే మాత్రల కోసం కూలి మానుకుని, బస్సెక్కి, పెద్దాసుపత్రి క్యూలో నిలబడినవాళ్లు. ఇప్పుడు తలా అయిదు నిమిషాల్లో మందులు తీసుకుని పనికెళ్లిపోతున్నారు. టెలిమెడిసిన్ అచ్చంగా పనికొచ్చేది ఇలాంటి చోటే. కానీ ఇంత చిన్న మాటకి ప్రారంభోత్సవం ఎవరు చేస్తారు? అందుకే రోజుకిన్ని కాల్స్ అని టార్గెట్ పెట్టారు. సాయంత్రానికి లెక్క తగ్గితే, దారిన పోయేవాళ్లని ఆపి "మావయ్యా, కాస్త దగ్గిపో" అని అడుక్కోవాలని ఆ అమ్మాయి నవ్వుతూనే చెప్పింది.

ఇంటికొచ్చే దారిలో పెద్దమ్మ అడిగింది: "బీపీ చూసింది ఆ పిల్ల, కడుపు నొక్కింది ఆ పిల్ల, మాత్రలిచ్చింది ఆ పిల్ల. మధ్యలో ఆ పటమెందుకురా?"

మీకో సంగతి చెప్పలేదు. పెద్దమ్మకి స్వయానా డాక్టరు కొడుకున్నాడు. మా అన్నయ్య అమెరికాలో అయోవా రాష్ట్రంలో, మొక్కజొన్న చేల మధ్య ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేస్తాడు. జె-1 వీసా మీద వెళ్లి అక్కడ శిక్షణ పొందిన డాక్టరు రెండేళ్లు సొంత దేశానికి తిరిగిరావాలని రూలు. ఆ రూలు తప్పించుకోవడానికి వాళ్లే ఒక దారి పెట్టారు, కాన్రాడ్ 30 అని. డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచేస్తే చాలు, తిరిగి రానక్కర్లేదు. రాష్ట్రానికి ఏడాదికి 30 మంది. డాక్టర్ల కొరత వాళ్లకీ ఉంది మరి. వాళ్లు తెర పెట్టి ఊరుకోలేదు, మా అన్నయ్యని పెట్టుకున్నారు.

ఆ రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో వీడియో కాల్ చేశాడు. అక్కడ తెల్లవారింది, తెల్ల కోటు వేసుకుని డ్యూటీకి బయల్దేరుతున్నాడు. పెద్దమ్మ ఫోను రెండు చేతులా పట్టుకుని మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"ఎక్కడే అమ్మా నొప్పి?"

"ఇక్కడరా."

"ఇక్కడంటే? ఫోను కాస్త కిందికి దించు."

దించలేదు. దించితే కొడుకు కనబడడు కదా.