మాగాయ సీసా, మాంట్రియల్ జట్టు

(టెక్సస్‌లోని ఫ్రిస్కో. ఆదివారం పొద్దున్న. మూర్తి లాప్‌టాప్‌లో కంప్యూటర్ ఆట పెట్టుకుని బేస్‌బాల్ జట్టు నడుపుతున్నాడు. పద్మ ఒక చేత్తో దోసెల పిండి గిన్నె, మరో చేత్తో ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఉంది.)

పద్మ: ఏమండీ, ఇందులో ఇంక చోటు లేదు. మీ అమ్మగారి మాగాయ సీసా గరాజ్ ఫ్రిజ్‌లోకి మార్చేస్తున్నా.

మూర్తి: ఉండవోయ్, నా గొడవా అదే. 1955 నాటి బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టుతో ఆడుతున్నా. జట్టులో పాతికమందే ఉండాలి. బంతి విసిరే ఈ కోఫాక్స్‌కి 19 ఏళ్ళు. బంతి ఎటు పోతుందో వాడికే తెలీదు. పోనీ కింది జట్టుకి తోసేద్దామంటే కుదరదు.

పద్మ: కింది జట్టేమిటి?

మూర్తి: మన ఊరి రఫ్‌రైడర్స్ లేరూ? టెక్సస్ రేంజర్స్‌కి కింది జట్టు.

పద్మ: ఓ, నీళ్ళలో తేలుతూ మ్యాచ్ చూస్తారే, అదా! పంపేయండి, హాయిగా ఈత కొట్టుకుంటాడు.

మూర్తి: పంపకూడదే! అప్పట్లో 4,000 డాలర్లు దాటి బోనస్ ఇచ్చి తెచ్చుకుంటే, రెండేళ్ళు పెద్ద జట్టులోనే కూర్చోబెట్టాలి. డబ్బున్నవాళ్ళు కుర్రాళ్ళందర్నీ కొనేసి కింద దాచుకోకుండా పెట్టిన రూల్. వీడికిచ్చింది 14,000. వీడికి చోటు కోసం నిజంగానే లసోర్డా అనే పిచర్‌ని, అంటే ఇంకో బంతి విసిరేవాణ్ణి, తమ కింది జట్టు మాంట్రియల్‌కి పంపేశారు.

పద్మ: కంప్యూటర్ ఆటే కదా, ఆ రూల్ తీసేయండి.

మూర్తి: ఆటలో ఉన్నా లేకపోయినా నేను పాటిస్తా. చరిత్రంటే చరిత్రే.

పద్మ: మంగళవారం చెత్త డబ్బా బయట పెట్టాలన్న రూల్ మాత్రం గుర్తుండదు. అయినా, బీపీకి పచ్చళ్ళు మానమన్నాడు డాక్టరు. మీరేమో ఎయిర్‌పోర్టులో ఎక్కువ బరువుకి డబ్బు కట్టి మరీ మాగాయ తెచ్చారు. ఇప్పటికీ మూత తియ్యలేదు. కదపనివ్వరు. ఇదే కదా మీ కోఫాక్సు!

మూర్తి: వాడు తర్వాత ఎంతటివాడయ్యాడో తెలుసా? ఊరనివ్వాలోయ్! గరాజ్‌లో పెడితే ఏమవుతుందో విను. ఈ డాడ్జర్స్ వాళ్ళే క్లెమెంటే అనే కుర్రాడికి 10,000 బోనస్ ఇచ్చి, 1954 అంతా మాంట్రియల్‌లో పెట్టారు. అలా కింద పెడితే సీజన్ అయ్యాక వేరే జట్టు తీసుకుపోవచ్చు. సరిగ్గా ఆడించనైనా లేదు. సీజన్ అవగానే పిట్స్‌బర్గ్ జట్టు వాళ్ళొచ్చి, 4,000 పడేసి ఎత్తుకుపోయారు. తర్వాత 3,000 హిట్లు కొట్టాడు, వాళ్ళకి!

పద్మ: (గిన్నె కింద పెట్టి) ఏమండీ... మొన్న గోంగూర డబ్బా గరాజ్‌లో పెట్టానా...

మూర్తి: ఊఁ?

పద్మ: నిన్న పక్కింటి వదిన కరివేపాకు కోసం వచ్చి...

మూర్తి: ఎంత పడేసింది?

పద్మ: డబ్బా కడిగి ఇస్తానంది.