పోయిన నిమిషంలో బతికే రోబో

కాలేజీల్లో రోబో ప్రాజెక్టులు రెండే రకాలు: గీత మీద నడిచేది, టీ మోసేది. మా ల్యాబు పిల్లలు రెండోదానికి తెగించారు. కెమెరా చూస్తుంది, బల్ల మీది ల్యాప్‌టాప్ ఆలోచిస్తుంది, చక్రాలు కదులుతాయి. వీటి మధ్య కబుర్లు మోసేది రాస్ (ROS) అనే రోబోల సాఫ్ట్‌వేర్. దాని నోయెటిక్ వెర్షన్‌కు 2025 మేలోనే కాలం చెల్లింది గానీ, మా ల్యాబులో ఇంకా దాని రాజ్యమే.

బొమ్మ పంపడానికి రాస్‌లో ఇమేజ్ మెసేజ్ ఉండనే ఉంది. కానీ మా ఫైనలియర్ కుర్రాడికి జేసన్ (JSON) అంటే, అంటే డేటాను మామూలు అక్షరాల్లో రాసే పద్ధతంటే, ప్రాణం. "కళ్లతో చదువుకోవచ్చు సార్!" అన్నాడు. అడ్డం 640, నిలువు 480, మూడు రంగులు. అంటే ఫ్రేముకు 9,21,600 సంఖ్యలు. ఎవరి కళ్లతో చదువుతాడో నేనడగలేదు. ఒక్కో సంఖ్య 0 నుంచి 255 దాకా. 255కి బైనరీలో ఒక్క బైటు చాలు. జేసన్‌లో రెండు, ఐదు, ఐదు, ఆపైన కామా, వెరసి నాలుగు.

డెమో మొదలైంది. సెకనుకు 30 ఫ్రేములు వస్తుంటే, ఆ టెక్స్టంతా విప్పి మళ్లీ బొమ్మ చేసుకునేసరికి ల్యాప్‌టాప్‌కు ఆరే అవుతున్నాయి. మిగతావన్నీ క్యూలో. క్యూకు హద్దు పెట్టినవాడు లేడు. నిమిషం గడిచేసరికి రోబో ఇంకా 12వ సెకనులోనే ఉంది. ఈలోగా హెచ్‌ఓడీ గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. రోబో వచ్చి ఖాళీ కుర్చీ ముందు వినయంగా ఆగింది.

"నేనిక్కడుంటే అదెవరికిస్తోందయ్యా?"

"మీకే సార్. ఇందాకటి మిమ్మల్ని చూస్తోంది."

"మరి ఇప్పటి నన్ను?"

"కాసేపాగితే వస్తారు సార్."

కాసేపు ఆగే ఓపిక ఎవరికీ లేక కుర్చీ లాగేశారు. రోబో మాత్రం లేని కుర్చీని జాగ్రత్తగా తప్పించుకుని, ఉన్న బల్లను గుద్దింది. టీ అంతా న్యాక్ ఫైలు మీద.

ఆ రాత్రే జూనియర్ అమ్మాయి జేసన్ పీకేసి, ఇమేజ్ మెసేజ్ పెట్టి, క్యూ ఒకటికి తగ్గించింది. రోబో వర్తమానంలోకి వచ్చింది. అక్కడితో ఆగితే ఇంజినీరింగ్ ఎందుకవుతుంది? ఆర్డర్ మెసేజ్‌లో 'చక్కెర చెంచాలు' అని ఒక ఫీల్డు కలిపింది. ల్యాప్‌టాప్‌లో మళ్లీ బిల్డ్ చేసింది, రోబోలో మరిచిపోయింది. ఈ రాస్ మెసేజ్ నిర్వచనం నుంచి ఎండీ5 అనే వేలిముద్ర లాంటి సంఖ్య లెక్కగట్టి రెండు వైపులా పోల్చి చూస్తుంది. తేడా వస్తే జాతకాలు కలవని సంబంధంలా అక్కడికక్కడే తెంపేస్తుంది. ఒక్క చెంచా చక్కెరకే.

మర్నాడు రోబో కదల్లేదు. టెర్మినల్ నిండా ఎర్రక్షరాలు. అటెండర్ వచ్చి, దాని ట్రే మీది కప్పు తీసి హెచ్‌ఓడీ గారి చేతికిచ్చి అడిగాడు: "రేపు కూడా ముందు దీని మీద పెట్టి తియ్యాలా సార్, తిన్నగా మీకే ఇచ్చెయ్యనా?"